వల కన్నులోంచి దక్షిణ సముద్రం: ఆలిస్టర్ హార్డీ ‘గ్రేట్ వాటర్స్’

మా అవ్వ బిందె మూతికి పాత చీరగుడ్డ నాలుగు మడతలేసి కట్టనిదే నీళ్లు పోసేది కాదు. వీపనగండ్లలో మా ఇంటికి నల్లా వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. ఎందుకని అడిగితే “వడగట్టకుండ తాగితే కాళ్లల్ల నారి లేస్తది బిడ్డా” అనేది. నారికురుపు మన దేశంలో ఆఖరిసారి కనబడింది 1996లో, రాజస్థాన్‌లో. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇక ఆ జబ్బు ఇక్కడ లేదని తేల్చింది. అంతకుముందు అది ఉన్న రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఒకటి. దిగుడుబావుల నీళ్లలో ఉండే సైక్లోప్స్ అనే చిన్న జీవి కడుపులో ఆ పురుగు పిల్ల దాక్కుని మనిషిలోకి వచ్చేది. గుడ్డ అడ్డం పెడితే సైక్లోప్స్ ఆగుతుంది, దాంతో జబ్బూ ఆగుతుంది.

సైక్లోప్స్ ఒక కోపిపాడ్, అంటే జంతుప్లవకాల్లో ఒక జాతి. ధ్రువ సముద్రాల్లో తిమింగలాలకీ, చేపలకీ, పక్షులకీ బతుకునిచ్చే జీవుల్లో దాని దాయాదులు చాలా ఉన్నాయి. అవ్వ గుడ్డకీ ఆ సముద్రాలకీ ఉన్న ఈ చుట్టరికం నాకు ఆలిస్టర్ హార్డీ రాసిన ‘గ్రేట్ వాటర్స్’ చదువుతుంటే తట్టింది. 1967లో వచ్చిన పుస్తకం. నేను బయాలజీ చదివినవాణ్ణి కాదు, కోడ్ రాసుకుని బతుకుతున్నవాణ్ణి. కాబట్టి దీన్ని ఒక సాహిత్య గ్రంథంగానే చదివాను. నా ప్రశ్న కూడా సాహిత్య ప్రశ్నే. కంటికి ఆనని జీవి గురించి రాసేటప్పుడు రచయిత దాన్ని దానిలాగే ఉండనిస్తాడా, లేక ఇంకెవరి కథకో మెట్టుగా వాడుకుంటాడా?

ముందు పుస్తకం సంగతి. 1925లో ‘డిస్కవరీ’ అనే ఓడ ఇంగ్లండు నుంచి దక్షిణ సముద్రానికి బయల్దేరింది. 1901లో కెప్టెన్ స్కాట్ తన మొదటి అంటార్కిటిక్ యాత్రకి తీసుకెళ్లిన ఓడే ఇది. ఈసారి పని ధ్రువం చేరడం కాదు. సౌత్ జార్జియా ద్వీపం చుట్టూ తిమింగలాల వేట జోరుగా సాగుతోంది. అవి ఏం తింటాయి, ఎక్కడ తిరుగుతాయి, ఎన్ని ఉన్నాయి అన్నది తేల్చాలి. నాయకుడు స్టాన్లీ కెంప్. హార్డీ జంతుశాస్త్రవేత్త, అప్పటికింకా ముప్పై ఏళ్లు నిండలేదు. 1927 దాకా సాగిన ఆ ప్రయాణంలో రాసుకున్న డైరీని, ఓడ మీద వేసిన నీటిరంగుల బొమ్మల్ని నలభై ఏళ్ల తర్వాత పుస్తకం చేశాడు. పేరు బైబిల్ 107వ కీర్తనలోని మాట.

ధ్రువ సాహిత్యమంటే మనకి వెంటనే గుర్తొచ్చేది వీరగాథ. స్కాట్, అముండ్సెన్, షాకిల్టన్. మంచు, ఆకలి, కుక్కలు, జెండా. ఆ పుస్తకాల్లో సముద్రం దాటాల్సిన అడ్డంకి మాత్రమే. హార్డీ పుస్తకంలో ఎవరూ ఎక్కడికీ ‘చేరరు’. ఓడ ఆగుతుంది, వల దిగుతుంది, వల పైకొస్తుంది, సీసాలు నిండుతాయి, ఓడ కదులుతుంది. మళ్లీ అదే. వందల పేజీలు ఇదే పని. విసుగు రావాలి. నాకైతే రాలేదు, ఎందుకో ఆలోచించాను. పదో వలలో ఏముందో తొమ్మిదో వల చూసి చెప్పలేం. ఒకచోట వల నిండా ఎర్రగా క్రిల్, కొన్ని మైళ్లు పోతే ఏమీ లేదు. సముద్రంలో ప్లవకాలు పెసరపిండి కలిపినట్టు సమానంగా ఉండవని, గుంపులు గుంపులుగా, మధ్యలో పెద్ద ఖాళీలతో ఉంటాయని గట్టిగా చూపించినవాళ్లలో హార్డీ ఒకడు. పుస్తకంలోని ఉత్కంఠ ఆ ఖాళీల వల్ల వచ్చింది.

అక్కడే ఆయనకి ఒక చిక్కు ఎదురైంది. ఓడ ఆపి వల వేసినచోట దొరికింది ఆ ఒక్క చోటి లెక్కే. రెండు చోట్ల మధ్య ఏముందో ఎలా తెలిసేది? దానికోసం ఓడ వెనక ఈడ్చుకెళ్లే ఒక పరికరం చేశాడు. ముందువైపు చిన్న రంధ్రం. అందులోంచి నీళ్లు లోపలికొస్తాయి. లోపల పట్టుగుడ్డ చుట్ట ఒకటి మెల్లగా విప్పుకుంటూ పోతుంది. దాన్ని తిప్పేది నీటి వేగానికి తిరిగే చిన్న రెక్కల చక్రం. గుడ్డ మీద పడ్డ ప్రాణుల్ని ఇంకో గుడ్డ వచ్చి మూసేస్తుంది, రెండూ కలిసి ఫార్మలిన్ తొట్టిలోకి చుట్టుకుంటాయి. గుడ్డ ఇంత పొడుగు తిరిగిందంటే ఓడ ఇన్ని మైళ్లు నడిచిందని లెక్క. మా వృత్తి భాషలో చెప్పాలంటే అదొక లాగ్ ఫైలు. 1931 నుంచి ఉత్తర సముద్రంలో మామూలు సరుకు ఓడలే ఆ పరికరాన్ని ఈడ్చుకెళ్లడం మొదలుపెట్టాయి. ఆ సర్వే ఇప్పటికీ నడుస్తోంది. ప్లవకాల వలలకి మొదట్లో వాడిన పట్టుగుడ్డ పిండి జల్లించడానికి నేసినది. అవ్వ చీరగుడ్డా, ఆ జల్లెడగుడ్డా చేసింది ఒకటే పని. కాకపోతే ఒకరు ప్రాణిని పారబొయ్యడానికి వడగట్టారు, ఇంకొకరు దాచుకోడానికి.

ఏ వలకైనా కన్ను ఉంటుంది. కన్ను కంటే చిన్నవి జారిపోతాయి. జెల్లీలాంటివి నలిగి రూపం పోతాయి. క్రిల్ లాంటి చురుకైనవి వల రావడం పసిగట్టి పక్కకి తప్పుకుంటాయి. అంటే వలలో పడ్డది సముద్రం కాదు, ఆ వలకి దొరికిన సముద్రం. ఆ తేడాని హార్డీ మర్చిపోనివ్వడు. పని సాఫీగా సాగిన రోజుతో పాటు సాగని రోజూ డైరీలో ఉంటుంది. ఫార్మలిన్‌లో పడితే ఈ ప్రాణుల రంగులు వెలిసిపోతాయి కాబట్టి, బతికుండగానే చూసి బొమ్మలు వేశాడు. ఆ ఓడ విపరీతంగా ఊగేదట. ఊగే బల్ల మీద సూక్ష్మదర్శినిలో చూస్తూ, కదిలే ప్రాణికి రంగులద్దడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. ఆ బొమ్మల్లో ప్రతి కోపిపాడ్‌కీ ముఖం ఉన్నట్టే ఉంటుంది. మీసాల్లాంటి పొడుగు కొమ్ములు, ఒంట్లో నూనె బుడగ, ఎర్రటి చుక్కలు.

దీనికి పక్కన హెర్మన్ మెల్విల్‌ని పెట్టి చూద్దాం. 1851 నాటి ‘మోబీ డిక్’లో 58వ అధ్యాయం పేరు ‘బ్రిట్’. రైట్ వేల్స్ తినే చిన్న చిన్న ప్రాణులకి వేటగాళ్లు పెట్టిన పేరది. క్రోజే ద్వీపాల దగ్గర సముద్రమంతా ఆ బ్రిట్‌తో పచ్చగా, పండిన గోధుమ చేనులా పరుచుకుని ఉంటే, తిమింగలాలు కోతకోసేవాళ్లలా దాన్ని కోసుకుంటూ పోతాయి. మా దిక్కు వరి కోతలు చూసినవాడికి కళ్లకి కట్టే వర్ణన. కానీ తర్వాత ఏమవుతుంది? రెండు మూడు పేరాల్లో బ్రిట్ మాయం. కథకుడి చూపు తిమింగలాల మీదికి, అక్కడినుంచి సముద్రపు క్రూరత్వం మీదికి, ఆఖరికి మనిషి ఆత్మ మీదికి వెళ్లిపోతుంది. అధ్యాయం పేరు బ్రిట్‌ది, ముగింపు మనిషిది. మెల్విల్ గొప్పవాడు, అందులో సందేహం లేదు. అయినా చిన్న ప్రాణిని మెట్టుగా వాడుకుని పైకెక్కడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. హార్డీ అంత గొప్ప వాక్యాలు రాయలేడు. కానీ ఆయన మెట్టెక్కడు, మెట్టు దగ్గరే కూర్చుంటాడు.

మాట దగ్గరికి వస్తాను. ‘ప్లాంక్టన్’ అన్న పేరు 1887లో విక్టర్ హెన్సన్ పెట్టాడు. గ్రీకులో దిమ్మరి, తిరుగాడేది అని. మనం దాన్ని ‘ప్లవకం’ అన్నాం, అంటే తేలేది. తెలుగు మీడియం పిల్లలందరం వృక్షప్లవకాలు, జంతుప్లవకాలు అని చదువుకుని పరీక్షలో రాసినవాళ్లమే. తిరగడం పోయి తేలడం మిగిలింది. తేలేది బెండు. దానికంటూ ఒక దారి లేదు. ప్రవాహానికి ఎదురీదలేనిది ప్లవకం అన్న నిర్వచనం తప్పేమీ కాదు. కానీ అడ్డంగా ఈదలేకపోయినా నిలువుగా ఈదగలవు. చీకటి పడగానే పైకొచ్చి మేసి, తెల్లారకముందే వేటాడే కళ్లకి దొరక్కుండా లోతుకి దిగిపోతాయి. ప్రతిరోజూ, అన్ని సముద్రాల్లో. బరువు లెక్కన చూస్తే భూమ్మీద ఇంతకంటే పెద్ద వలస లేదంటారు.

మరి నెలల తరబడి సూర్యుడు రాని ధ్రువ రాత్రిలో? అన్నీ ఆగిపోతాయనే చాలాకాలం అనుకున్నారు. స్వాల్‌బార్డ్ దగ్గరి ఫియోర్డుల్లో నిలువు వలస ఆ చీకట్లోనూ సాగుతోందని 2009లో తేలింది. 2016లో వచ్చిన ఇంకో పరిశోధన, ఆ శీతాకాలపు చీకట్లో అవి చంద్రుణ్ణి లెక్కపెట్టుకుంటాయని చూపించింది. 24 గంటల సూర్యుడి రోజు బదులు 24.8 గంటల చంద్రుడి రోజు. పున్నమి వెన్నెలకి అవి యాభై మీటర్ల దాకా కిందికి దిగుతాయి. ఆ స్వాల్‌బార్డ్‌లోనే మన దేశపు కేంద్రం ‘హిమాద్రి’ 2008 నుంచి ఉంది. 2014లో అక్కడి కాంగ్స్‌ఫియోర్డులో మనవాళ్లు ‘ఇండార్క్’ అనే పరికరాల వరసని నీళ్లలో దించారు. అంతకు చాలా ముందు, 1982 జనవరిలో అంటార్కిటికా మీద కాలుపెట్టిన మొదటి భారతీయ యాత్రకి నాయకుడైన సయ్యద్ జహూర్ ఖాసిం కూడా సముద్ర జీవశాస్త్రవేత్తే. మనకి ఆ యాత్ర జెండాగా గుర్తుంది. వలగా గుర్తులేదు.

హార్డీ ఇంకో ఆలోచన చేశాడు. సముద్రంలో పై పొర ఒకవైపు, కింది పొర ఇంకోవైపు, వేర్వేరు వేగాలతో పారతాయి. పైకీ కిందికీ మాత్రమే కదలగల ప్రాణి కూడా ఏ పొరలో ఎంతసేపు ఉండాలో ఎంచుకుని తన ప్రయాణాన్ని మార్చుకోగలదు. అదే డిస్కవరీ పరిశోధనల్లో పనిచేసిన నీల్ మాకింతోష్ 1937లో దీనికి అందమైన రుజువు చూపించాడు. దక్షిణ సముద్రంలో పైనీళ్లు ఉత్తరానికి జరుగుతాయి, లోతున ఉన్న వెచ్చటి నీళ్లు దక్షిణానికి. కొన్ని పెద్ద కోపిపాడ్‌లు, బాణప్పురుగులు ఎండాకాలం పైన మేస్తూ ఉత్తరానికి జరిగి, చలికాలం లోతుకి దిగి మళ్లీ దక్షిణానికి వచ్చేస్తాయి. ఎదురీదకుండానే ఏడాది తిరిగేసరికి ఇంటికి.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పాలమూరులో పుట్టినవాడికి ‘వలస’ అన్న మాట సైన్సు పుస్తకంలో కనబడ్డా సైన్సు మాటగా వినబడదు. మా చిన్నాయన గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని ఏళ్ల తరబడి ప్రాజెక్టుల పనికి పోయినవాడు. ఒకసారి ఆయనకి పాలమూరు వలస మీద ఒక కవిత చదివి వినిపించాను. వలసపోయేవాళ్లని గాలికి కొట్టుకుపోయే ఎండుటాకులతో పోల్చిన కవిత. మంచి కవితే. ఆయన అంతా విని, “కొట్కపోనీకె మేమేమన్న ఆకులమారా? ఏ నెల బోవాల్నో, పీర్ల పండుగకు ఎట్ల రావాల్నో మాకు ఎర్క లేకుండెనా?” అన్నాడు. కాసేపాగి, “తిరిగొచ్చుడు రాయలేదేంది?” అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. మన వలస సాహిత్యంలో పోవడం ఉన్నంతగా రావడం లేదు. జాలి ఎక్కువై, మనుషుల లెక్కలు, నేర్పు, దారి తెలిసినతనం బయటికి జారిపోయాయి. అది వల కన్ను సమస్యే.

ఇక్కడ నా మీద నాకే అనుమానం వచ్చింది. ఈ పోలికని ఇంకో రెండడుగులు లాగితే నేనూ మెల్విల్ చేసిన పనే చేస్తాను. కోపిపాడ్‌ని మెట్టు చేసుకుని చిన్నాయన దాకా ఎక్కుతాను. చిన్నాయన పోయింది అప్పు వల్ల, వానలు లేక. దాని వెనక ఒక మేస్త్రి, ఒక కాంట్రాక్టరు, ఒక ప్రభుత్వం ఉన్నాయి. కోపిపాడ్‌కి అవేవీ లేవు. దానికి దారి తెలుసనడం కూడా పెద్దమాటే. దిగేవి బతికాయి, దిగనివి పోయాయి, అంతే. ఈ రెండింటినీ ఒకటి చేస్తే మేస్త్రి తప్పు ప్రకృతి ఖాతాలోకి పోతుంది. అందుకే ఈ పోలికని నేను పోలికగా ఉంచుకోను. ‘కొట్టుకుపోవడం’ అన్న మాట రాసే ముందు ఆగి చూసుకోవాలన్న హెచ్చరికగా మాత్రం ఉంచుకుంటాను.

హార్డీ కూడా తన ఊహ ప్రేమలో పడ్డాడు. సౌత్ జార్జియా చుట్టూ వృక్షప్లవకాలు దట్టంగా ఉన్నచోట జంతుప్లవకాలు తక్కువగా దొరికాయి. గుంథర్‌తో కలిసి 1935లో వెలువరించిన నివేదికలో, చిక్కటి పచ్చదనాన్ని జంతువులు తప్పించుకుని పోతాయన్న సిద్ధాంతం చెప్పాడు. సరిగ్గా అదేకాలంలో ప్లిమత్‌లో హార్వీ బృందం, జంతువులు ఉన్నచోట అవి మేసేయడం వల్లే పచ్చదనం తగ్గుతుందని వాదించింది. ఒకే లెక్క, రెండు కథలు. ఒక దాంట్లో జంతువు పారిపోతోంది, ఇంకోదాంట్లో తింటోంది. మేత కథే ఎక్కువమందికి నచ్చింది. రెండు సంఖ్యలు ఎదురెదురుగా కదిలితే ఏది దేనికి కారణమో తేల్చకుండా తీర్పు ఇవ్వకూడదని మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకి నేనే చెబుతుంటాను. అయినా ఈ పొరపాటు వల్ల నాకు హార్డీ మీద గౌరవం తగ్గలేదు. జంతువుకి ‘తప్పించుకునే’ తెలివి ఉందని నమ్మాలనిపించింది ఆయనకి. బెండులా చూడలేకపోయాడు.

పుస్తకం మీద నా అసలు ఫిర్యాదు వేరే. ఈ పరిశోధనకి డబ్బు ఎక్కడిది? ఆ ద్వీపాల నుంచి ఎగుమతయ్యే తిమింగలాల నూనె మీద వేసిన పన్ను. చంపిన తిమింగలాల నూనెతో, తిమింగలాలు ఏం తింటాయో కనిపెట్టారు. వేటని హద్దులో పెట్టాలన్నది ఉద్దేశం. జరిగింది ఇంకోటి. 1930–31 సీజను ఒక్కదాంట్లోనే 29 వేలకు పైగా నీలి తిమింగలాల్ని చంపారు. ఇరవయ్యో శతాబ్దంలో దక్షిణార్ధగోళంలో వేటకి బలైనవి ఇరవై లక్షలు. సౌత్ జార్జియాలో హార్డీ వాళ్లు చూసిన గ్రిట్‌వికెన్ కేంద్రం 1966లో మూతపడింది. చంపడానికి తిమింగలాలు సరిపడా మిగల్లేదు. మరుసటేడు ఈ పుస్తకం వచ్చింది. డైరీకి ఉండే అందం రేపు ఏమవుతుందో దానికి తెలియకపోవడం. కానీ 1967లో ఆ పేజీలు అచ్చుకిచ్చిన మనిషికి తెలుసు. యువకుడి ఉత్సాహానికీ, ముసలివాడికి తెలిసిన నిజానికీ మధ్య ఉన్న దూరం మీద ఆయన ఇంకాసేపు నిలబడి ఉంటే బాగుండేది. మంచి జ్ఞానం చేతిలో ఉండి కూడా ఎందుకు పనికిరాలేదు అన్న ప్రశ్న ఈ పుస్తకంలో నాకు సరిపడినంత బిగ్గరగా వినబడలేదు.

ఆ ప్రశ్నకి తర్వాతి సైన్సు ఇంకో మలుపు ఇచ్చింది. తినేవి పోయాయి కాబట్టి క్రిల్ విపరీతంగా పెరగాలి కదా. బడిలో గీసిన ఆహారపు గొలుసు ప్రకారమైతే అంతే. కానీ అలా పెరిగిన జాడ లేదు. దక్షిణ సముద్రంలో ఇనుము కరువు. తిమింగలాలు క్రిల్‌ని తిని, పైనీళ్లలో విసర్జించి, ఆ ఇనుముని మళ్లీ వృక్షప్లవకాలకి అందిస్తాయి. వేటకి ముందు అవి ఎంత తినేవో 2021లో ‘నేచర్’లో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. పాత అంచనాలకంటే చాలా ఎక్కువ. తినేవాడు పోతే పంట కూడా తగ్గిందన్నమాట. మనం పరీక్షలో గీసిన బాణాలన్నీ ఒకేవైపు చూసేవి. వెనక్కి వచ్చే బాణం గీసిన గుర్తు నాకు లేదు. పెంట చేనుకి తోలే ఊళ్లో పెరిగి కూడా గీయలేదు.

తెలుగులో సైన్సు చదవొచ్చని నాకు నమ్మకం కలిగించింది నండూరి రామమోహనరావు ‘విశ్వరూపం’, ‘నరావతారం’. ఆ తర్వాత కొడవటిగంటి రోహిణీప్రసాద్ వ్యాసాలు. ఒక పుస్తకం నక్షత్రాలది, ఇంకోటి మనిషిది. ఆ రెండు కొసల మధ్య, చెంచాడు నీళ్లలో తిరిగేవాటికి కూడా ఒక పుస్తకం కావాలి. దానికి మోడల్‌గా ‘గ్రేట్ వాటర్స్’ని చూపిస్తాను. అనువదించమని కాదు. అందులోని పద్ధతి కోసం. తను వాడిన వల ఏదో, దాని కన్నెంతో, అందులో పడనిదేదో చెప్పి మరీ రాసే పద్ధతి.

మొన్న ఊరికి పోయినప్పుడు చెరువు నీళ్లు ఒక బాటిల్లో పట్టి, తెల్ల రుమాలు మీద వడబోసి, ఆన్‌లైన్లో కొన్న చిన్న లెన్సు ఫోనుకి తగిలించి చూశాను. ఒంటికన్నుతో, వెనక రెండు గుడ్ల సంచులు మోసుకుంటూ, ఒక సైక్లోప్స్ ఆగి ఆగి గెంతుతోంది. చిన్నాయనని పిలిచి చూపించాను. ఫోను దగ్గరికి దూరానికి జరిపి జరిపి చూశాడు.

“ఇదేనా అమ్మ వడవోసింది?” అన్నాడు.

అదే అన్నాను. రుమాలు మళ్లీ బాటిల్లో జాడించి, నీళ్లు తీసుకెళ్లి చెరువులోనే పోసి వచ్చాం.